పెళ్లి కార్డులో తెలుగుకు పట్టుచీర ఏది?

మా డోర్నకల్ జంక్షన్‌లో ట్రైన్ దిగినవాళ్లకు ప్లాట్‌ఫామ్ చివర పసుపు బోర్డు తెలుసు. అందులో ఊరి పేరు తెలుగులో చూడండి. గీత మొదటి నుంచి చివరిదాకా ఒకటే లావు. ఇప్పుడు ఫోన్‌లో వోగ్ మ్యాగజైన్ కవర్ తెరవండి. ఒక గీత స్తంభంలా లావు, పక్క గీత వెంట్రుకంత సన్నం.

మా చెల్లె పెళ్లి కార్డు నేనే డిజైన్ చేశాను. ఇంగ్లీషు పేర్లకు అట్లాంటి రాయల్ ఫాంట్, తెలుగుకు సిస్టమ్‌లో ఉన్నదేదో పెట్టేశాను. అమ్మ చూసి, "ఇంగ్లీషు పట్టుచీర కట్టుకుంది, తెలుగు ఇంటి చీరలోనే వచ్చేసింది" అన్నది. నవ్వొచ్చింది, గుచ్చుకుంది కూడా. అందుకే ఈ ఎపిసోడ్.

ఆ స్టైల్ 18వ శతాబ్దం చివర్లో పుట్టింది. పారిస్‌లో ఫిర్మిన్ డిడో, ఇటలీలోని పార్మాలో బొడోని దాన్ని అచ్చుల్లోకి తెచ్చారు. దాని వెనక ఉన్నది మొన తేలిన కలం: నొక్కితే లావు, వదిలితే సన్నం. కాగితం నునుపు అయ్యాకే అంత సన్నటి గీత అచ్చులో నిలబడింది.

మరి మనకు? తాటాకు, గంటం. గంటం ఆకును గీరుతుంది, ఆ గీతలో మసి పూస్తే అక్షరం కనబడుతుంది. లావు, సన్నం తేడాకు అక్కడ పెద్దగా చోటు లేదు. 1746 నాటికే జర్మనీలోని హాలెలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకం అచ్చు వేయించాడు. కానీ ఈ రోజుకీ మన కంటికి అలవాటైంది ఎక్కువగా ఒకే లావు గీతే.

అట్లని లావు-సన్నం మనకు పరాయిదా? కాదు. 2015లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మూర్తి క్లాసికల్ లైబ్రరీ మొదలుపెట్టింది. మొదటి పుస్తకాల్లో మన అల్లసాని పెద్దన మనుచరిత్ర ఉంది. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. పక్కపక్కన నిలబడాలి కాబట్టి తెలుగుకూ మంచి అక్షరం కావాలి. కెనడాకు చెందిన టైరో టైప్‌వర్క్స్ ఆ లైబ్రరీకి ఫాంట్లు చేసింది. అందులోంచి వచ్చిందే టైరో తెలుగు. గీత వంపు తిరిగేచోట లావవుతుంది, సన్నబడుతుంది. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ.

ఇట్లాంటివి తెలుగులో ఎందుకు తక్కువ? ఇంగ్లీషుకు 26 అక్షరాలు, చిన్నవీ పెద్దవీ కలిపి 52 రూపాలు. మనకు గుణింతాలు, ఒత్తులు కలిస్తే వందల రూపాలు. ప్రతిదానిలో ఆ లావు-సన్నం కుదరాలి. ఇంజనీరుగా చెప్తున్నా, చిన్న పని కాదు.

ఒక జాగ్రత్త. ఈ స్టైల్ హెడ్డింగ్‌కే. చిన్న సైజులో "రాష్ట్రం" అని రాసి చూడండి, ఒత్తుల దగ్గర సన్న గీతలు స్క్రీన్ మీద మాయమైపోతాయి.

కార్డు మళ్లీ చేశాను: పేర్లకు టైరో, అడ్రస్‌కు మామూలు ఫాంట్. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇప్పుడు ఇద్దరూ పెళ్లికొచ్చినట్టుంది" అన్నది.

మీ ఇంట్లో కార్డు చేసేటప్పుడు తెలుగు ఫాంట్‌కు కూడా పది నిమిషాలు ఇవ్వండి. మళ్లీ కలుద్దాం.