తొలితరము నాయకులు నేటి యెన్నికలలో గెలువగలరా?

మన సభలయందును, పెండ్లిపందిళ్లలోను, గ్రంథాలయముల అరుగులమీదను తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "ఆనాటి మహనీయులు మరల జన్మించి యెన్నికలకు నిలిచినచో ధరావతు సయితము దక్కదు" అని పెద్దలు నిట్టూర్చుచుందురు. ఈ మాటలో నేటి కాలముపై విసుగు మెండు, చరిత్ర పరిశీలనము తక్కువ. ఏలయనగా స్వతంత్ర భారతమున జరిగిన మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికలలోనే ఆ మహనీయులు ప్రజలయెదుట నిలిచిరి. కొందఱు గెలిచిరి, కొందఱు ఓడిరి. కావున ఊహతో పనిలేదు. జరిగినదానిని విచారించి, అందుండి మనము గ్రహింపదగినది యేమో చూతము.

మొదట వారు ఎవరి ఓట్లతో పైకి వచ్చిరో తెలిసికొనవలెను. 1935వ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టము ననుసరించి 1937లో రాష్ట్ర శాసనసభలకు ఎన్నికలు జరిగినపుడు, బ్రిటిషిండియా మొత్తముమీద ఓటుహక్కు గలవారు సుమారు మూడు కోట్లు మాత్రమే. శిస్తు చెల్లించు రైతునకును, పన్ను గట్టు వర్తకునకును, చదువుకొన్నవానికిని ఓటుండెను. కూలినాలి చేసికొని బ్రతుకువారిలో అధికసంఖ్యాకులకు లేకుండెను. 1946లో రాజ్యాంగ నిర్మాణసభకు రాష్ట్రములనుండి సభ్యుల నెన్నుకొన్నది యిట్టి పరిమిత ఓటుతో నేర్పడిన శాసనసభలే.

అట్టి సభవారే ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతి స్త్రీకిని, ప్రతి పురుషునకును ఓటు నొసగిరి. 1951 జనాభా లెక్కల ప్రకారము నూటికి 18 మంది మాత్రమే అక్షరాస్యులు. చదువులేనివారికి ఓటేలయని శంకించినవారు లేకపోలేదు. అయినను నాయకులు వెనుదీయలేదు. 1951 అక్టోబరు మొదలు 1952 ఫిబ్రవరి వరకు జరిగిన యెన్నికలలో ఓటరులు 17 కోట్లకు పైబడిరి. తమను తీసివేయగల అధికారమును తామే ప్రజలచేతిలో పెట్టి, పిమ్మట ఆ ప్రజలయొద్దకే పోయి ఓటడిగిన నాయకులు వారు.

ప్రజలు తీర్పు చెప్పిరి. రాజ్యాంగ రచనాసంఘమునకు అధ్యక్షులైన డాక్టరు అంబేద్కరు గారు ఉత్తర బొంబాయి నియోజకవర్గపు రిజర్వు స్థానమున కజ్రోల్కరు అను కాంగ్రెసు అభ్యర్థిచేతిలో సుమారు 15 వేల ఓట్ల తేడాతో ఓడిరి; 1954లో భండారా ఉపయెన్నికలో మరల ఓడిరి. కాంగ్రెసు మాజీ అధ్యక్షులు ఆచార్య కృపలానీ గారు ఫైజాబాదులో ఓడిరి. 1928లో సైమను సంఘ బహిష్కార సందర్భమున చెన్నపట్టణములో తుపాకులకు రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు, ఆ చెన్నపట్టణములోనే హార్బరు నియోజకవర్గమున పరాజితులైరి. రాజ్యాంగసభ సభ్యురాలు దుర్గాబాయమ్మగారికి లోకసభ యెన్నికలో విజయము కలుగలేదు. అనంతపురమున నీలము సంజీవరెడ్డి గారిని వారి బంధువే యైన కమ్యూనిస్టు నాయకులు తరిమెల నాగిరెడ్డి గారు ఓడించిరి. చెన్నరాష్ట్ర ముఖ్యమంత్రి కుమారస్వామిరాజా గారును, కాంగ్రెసు నాయకులు బెజవాడ గోపాలరెడ్డి, కళా వేంకటరావు గార్లును స్థానములను కోల్పోయిరి. రాజాజీ ప్రజల ఓటు నడుగకయే, శాసనమండలికి నియమితులై, 1952లో ముఖ్యమంత్రి యైరి.

దీనిని కృతఘ్నత యనుట న్యాయము కాదు. ఆ యేండ్లలో చెన్నరాష్ట్రమున తిండిగింజల కఱవు, రేషను, కంట్రోళ్లు జనులను వేధించుచుండెను. ఆంధ్రరాష్ట్ర వాంఛ తీరకుండెను. పూర్వము చేసిన త్యాగమునకు నమస్కరించుచునే, నేటి ఆకలికి లెక్క యడిగిరి. ఇట్లడుగుటలో తప్పేమున్నది? ఆ యెన్నికలలోనే నెహ్రూగారు సుమారు 25 వేల మైళ్లు పర్యటించి ఓటర్లను కలిసికొనిరి. నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారు ఆ నెహ్రూగారికంటెను అధికముగా ఓట్లు పొందిరి. పేరును చూచి కాక పనిని చూచి ఓటు వేయుట నిరక్షరాస్యులకు సయితము తెలియునని దీనివలన తేటపడుచున్నది.

ఇందుకు వరాహగిరి వేంకటగిరి గారి చరిత్రము మంచి నిదర్శనము. గిరిగారు రైల్వే కార్మికుల నాయకులు, ధనబలము లేనివారు. 1937లో బొబ్బిలి స్థానమున చెన్నరాష్ట్ర ప్రధానామాత్యులుగా నున్న బొబ్బిలి రాజావారితోనే తలపడి, రాజావారిని వారి సొంతగడ్డపైననే ఓడించిరి. కోటగోడల కంటె ఓటుపెట్టె బలమైనదని ఆనాడు లోకము తెలిసికొనెను. 1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రి యైరి. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినందున 1954లో పదవిని విడిచిరి.

1957లో గిరిగారు పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గమున నిలిచిరి. అందొక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది, రెండవది సామాన్యస్థానము. ఓట్లు లెక్కించునప్పటికి ఎక్కువ ఓట్లు పొందిన యిద్దఱును గిరిజన అభ్యర్థులే యైరి. ఒకరికి రిజర్వు స్థానమును, రెండవవారగు సూరిదొర గారికి సామాన్యస్థానమును దక్కెను. గిరిగారు స్వల్పమైన తేడాతో ఓడి న్యాయస్థానమున కెక్కిరి. సామాన్యస్థానము ఏ పౌరునకైనను తెఱచియే యుండునని 1959లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఇరువదియేండ్ల క్రిందట రాజావారిపై గిరిగారిని గెలిపించిన ప్రజాశక్తియే, మఱింత విస్తరించి, గిరిగారిపై గిరిజనుని గెలిపించెను. మొదటిదానికి సంతోషించినవారు రెండవదానికి దుఃఖించుట తగదు.

ఓటమితో వారి సేవయు ఆగలేదు. అంబేద్కరు గారు రాజ్యసభలో కడవరకు దేశమునకు బుద్ధి గఱపిరి. దుర్గాబాయమ్మగారు ప్రణాళికాసంఘమున పనిచేసిరి. ప్రకాశముగారు 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యైరి. గిరిగారు 1969లోను, సంజీవరెడ్డిగారు 1977లోను రాష్ట్రపతులైరి.

ఇక నేటి సంగతి. 2024 లోకసభ యెన్నికలనాటికి ఓటరులు 97 కోట్లకు చేరువైరి. మొదటి యెన్నికలలో లోకసభ అభ్యర్థి వ్యయపరిమితి పెద్ద రాష్ట్రములలో 25 వేల రూపాయలు. 2022 నుండి అది 95 లక్షలు. చట్టము చెప్పు లెక్క యిది. ఊళ్లలో జరుగు లెక్క వేఱని చదువరులకు నేను చెప్పనక్కఱలేదు. బారిష్టరుగా ఆర్జించినదంతయు స్వరాజ్య పత్రికకును దేశకార్యమునకును ధారపోసిన ప్రకాశముగారు నేడు పోటీచేయ దలచినచో, వారికి మొదట అడ్డువచ్చునది ఓటరు కాదు. ఓటరును చేరకముందే పార్టీ కార్యాలయపు గుమ్మమున రెండు ప్రశ్న లెదురగును: "ఎంత పెట్టగలరు?" అనియు, "మీవారి ఓట్లెన్ని?" అనియు. ఆనాటి వారు ప్రజలయెదుట నిలిచి ఓడిరి. నేడు వారు ప్రజలవఱకు రానేరరు. రెంటికిని గల భేద మిదియే, ఆందోళన పడవలసినదియు నిదియే.

సోదరసోదరీమణులారా! ఆ రెండవ ప్రశ్నకు జవాబు సమకూర్చువారెవరు? మనవంటి సంఘములే గదా! మన సంఘము విద్యార్థులకు వసతిగృహములు కట్టుట, బీదపిల్లలకు వేతనము లిచ్చుట కొనియాడదగిన పనులు. కాని యెన్నికలు రాగానే మనవారి తలల లెక్క చేతబట్టి టిక్కెట్టుకై తిరుగునపుడు, ఆ టిక్కెట్టు ఎవరికని అడుగుచున్నామో యోచింపవలదా? ధనవంతుడని యొకనిని, మనవాడని మఱియొకనిని సిఫారసు చేసి, పిమ్మట "ఆనాటి మహనీయులు నేడు లేరే" యని వగచుట మనకు చెల్లదు.

కావున ఈ మహాసభ సమయమున పెద్దలకును దాతలకును నా మనవి రెండు మాటలు. మనలో నెవరినైన సిఫారసు చేయునపుడు వాని ధనమును గాక వాని నడవడిని, చేసిన సేవను ముందుంచుడు. యోగ్యుడు వేఱొక కులమున నుండి నిలిచినచో అతనికి ఓటు వేయుట మన సంఘమునకు ద్రోహమని యువకులకు బోధింపకుడు. ఇట్లు చేసినచో అట్టివారు గెలుతురని నేను చెప్పజాలను. ప్రజలు వారిని మరల ఓడింపవచ్చును, అది ప్రజల హక్కు. ప్రజలయెదుట నిలుచు అవకాశమైన వారికి దక్కునట్లు చేయుట మన విధి.