పాత కార్ల పేర్ల పునరుద్ధరణ

ఉత్పత్తి ఆగిపోయిన కారు పేరును, కొన్నేళ్ల తర్వాత అదే కంపెనీ గానీ, ఆ పేరు మీద హక్కు పొందిన మరో కంపెనీ గానీ కొత్త మోడలుకు పెట్టడాన్ని పాత పేర్ల పునరుద్ధరణ అంటారు. వేగం, పికప్పు, రేసుల చరిత్ర చూసి కొనే పెర్ఫార్మెన్స్ కార్లలోను, ఎస్‌యూవీలలోను ఇది ఎక్కువ. విదేశాల్లో డాడ్జ్ ఛాలెంజర్, షెవర్లే కమారో, ఆల్పైన్ ఏ110, టొయోటా సుప్రా ఇందుకు పేరెన్నికగన్న ఉదాహరణలు. భారతదేశంలో మారుతి బలేనో, హ్యుందాయ్ శాంత్రో, టాటా సఫారీ, టాటా సియెర్రా పేర్లు ఇలా తిరిగి వచ్చాయి. మోటారు సైకిళ్లలో జావా, ఇంటర్‌సెప్టర్, కరిజ్మా ఈ కోవలోనివే.

కారణాలు, చట్టం

కొత్త పేరును జనం నోట నిలబెట్టాలంటే ప్రకటనలకు చాలా ఖర్చవుతుంది. పాత పేరుకు ఆ ఖర్చు తక్కువ. చిన్నప్పుడు వీధిలో ఆ బండిని చూసి ఆశపడినవారు కొనగల వయసుకు వచ్చేసరికి పాతిక, ముప్పై ఏళ్లు గడుస్తాయి. కొన్ని పునరుద్ధరణలు సుమారుగా ఆ వ్యవధిలోనే జరిగాయి.

భారతదేశంలో పేర్ల మీద హక్కును 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం నిర్ణయిస్తుంది. నమోదు పదేళ్లపాటు చెల్లుతుంది, ఆపైన రుసుము కట్టి పొడిగించుకోవచ్చు. అయిదేళ్ల మూడు నెలలపాటు వరుసగా వాడని పేరును రిజిస్టరు నుంచి తొలగించమని ఇతరులు కోరవచ్చు. అందువల్ల కంపెనీలకు పాత పేరును ఊరికే దాచుకోవడం కష్టం. పునరుద్ధరణకు అభిమానంతో పాటు ఈ చట్టపరమైన ఒత్తిడి కూడా ఒక కారణం.

విదేశాల్లో

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చాలా కార్లను కంపెనీ పేరుతోను, హార్స్‌పవర్ అంకెతోను పిలిచేవారు. అందుకే తిరిగి వచ్చిన పేర్లు ఎక్కువగా ఆ తర్వాతి కాలానివే.

1960లలో అమెరికాలో పెద్ద ఇంజను, రెండు తలుపులు, తక్కువ ధర గల కార్లు యువతను ఆకట్టుకున్నాయి. పాంటియాక్ జీటీవో (1964), ఫోర్డ్ మస్టాంగ్ (1964), డాడ్జ్ ఛార్జర్ (1966 మోడలు), షెవర్లే కమారో (1967 మోడలు), డాడ్జ్ ఛాలెంజర్ (1970 మోడలు) ఆ కాలానివి. 1973 చమురు సంక్షోభం, కాలుష్య నిబంధనలు, బీమా ఖర్చులు ఈ తరాన్ని దెబ్బతీశాయి. వీటిలో మస్టాంగ్ ఒక్కటే ఎడతెగకుండా తయారవుతూ వచ్చింది. ఫోర్డ్ దాని లోపలే మ్యాక్ 1, బాస్ 302, షెల్బీ జీటీ500 వంటి పాత ఉపనామాలను తిరిగి వాడింది.

జీటీవో పేరును జనరల్ మోటార్స్ 2004లో తిరిగి తెచ్చింది. ఆస్ట్రేలియాలో తయారైన హోల్డెన్ మొనారోకు ఆ పేరు పెట్టింది. ఇంజను బలమైనదే అయినా రూపంలో పాత జీటీవో జాడ లేదని కొనుగోలుదారులు పెదవి విరిచారు. 2006తోనే అది ఆగింది. ఛార్జర్ 2006 మోడలుగా నాలుగు తలుపులతో వచ్చింది. 2008లో వచ్చిన ఛాలెంజర్ మాత్రం రెండు తలుపులు, వెనుక చక్రాలకు శక్తి, వీ8 హెమీ ఇంజను మూడింటినీ నిలుపుకుంది. 2015 మోడలుగా వచ్చిన హెల్‌క్యాట్ రకం 707 హార్స్‌పవర్‌ను అందించింది. 2023 చివరి వరకు ఛాలెంజర్ ఉత్పత్తి సాగింది. అమెరికా పునరుద్ధరణల్లో దీన్ని అత్యంత నిజాయితీ గలదిగా చెప్పవచ్చు. 2002లో ఆగిన కమారో 2010 మోడలుగా మళ్లీ రోడ్డెక్కింది. అంతకు ముందే 2007 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో పసుపు కమారో ప్రపంచమంతటి పిల్లలకు పరిచయమైంది.

యూరప్‌లో 1959 నాటి మినీని బీఎండబ్ల్యూ 2001లో పునరుద్ధరించింది. మాంటీ కార్లో ర్యాలీలో 1964, 1965, 1967 విజయాలతో వెలిగిన కూపర్ పేరును కొత్త కారులోనూ వేగవంతమైన రకానికి ఉంచింది. రెనో సంస్థ 1962 నాటి ఆల్పైన్ ఏ110ను 2017లో తిరిగి తెచ్చింది. అల్యూమినియం నిర్మాణంతో బరువును సుమారు 1,100 కిలోలకు పరిమితం చేసి, 1.8 లీటర్ల టర్బో ఇంజనుతో 252 హార్స్‌పవర్ ఇచ్చింది. తేలిక కారు అన్న పాత ఖ్యాతిని ఇంజనీర్లు ముందు పెట్టుకున్నారు. ఇది ఆదర్శప్రాయమైన పని. టొయోటా సుప్రా 2019లో బీఎండబ్ల్యూ ఇంజనుతో, ఆస్ట్రియాలో తయారై వచ్చింది. ఆరు సిలిండర్ల వరుస ఇంజనును నిలుపుకున్నా, అది మరో కంపెనీది కావడంపై అభిమానుల్లో చర్చ సాగింది.

భారతదేశం: 1957 నుంచి 1991 వరకు

ఈ కాలంలో పాత పేరు తిరిగి రావడమన్న సమస్యే లేదు, ఎందుకంటే ఉన్న పేర్లు పోలేదు. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వారి ఫియట్ (తర్వాత పద్మిని) దశాబ్దాలు నడిచాయి. 1980ల మధ్యలో వచ్చిన కాంటెసా అప్పటి లెక్కన పెద్ద, దర్జా కారు. అంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో ఆగింది.

బలేనో, జెన్, శాంత్రో

మారుతి 1999లో బలేనో పేరుతో 1.6 లీటర్ల సెడాన్‌ను విడుదల చేసింది. వేగంగా నడిపే ఇష్టం ఉన్నవారు దాన్ని మెచ్చుకున్నారు. 2007లో అది ఆగింది. 2015 అక్టోబరులో అదే పేరు ఒక హ్యాచ్‌బ్యాక్‌కు వచ్చింది. 2017 మార్చిలో బలేనో ఆర్ఎస్ పేరుతో 1 లీటరు బూస్టర్‌జెట్ టర్బో ఇంజను, 102 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులతో ఒక రకాన్ని కంపెనీ తెచ్చింది. మామూలు బలేనో బాగా అమ్ముడైంది గానీ ఆర్ఎస్ కొద్దికాలానికే ఆగిపోయింది.

1993 నాటి జెన్ పేరును మారుతి 2006లో జెన్ ఎస్టిలోకు పెట్టింది. పాత జెన్ కిందికి ఉండి, మలుపుల్లో చురుగ్గా తిరిగేది. కొత్తది వ్యాగన్ ఆర్ మీద ఆధారపడిన ఎత్తైన కారు. 2009లో కంపెనీయే జెన్ మాట తీసేసి ఎస్టిలో అని మాత్రమే ఉంచింది. 1998 నాటి శాంత్రో 2018 అక్టోబరులో తిరిగి వచ్చి 2022లో ఆగింది.

ఆక్టేవియా ఆర్ఎస్

చెక్ కంపెనీ స్కోడా 1959 నాటి ఆక్టేవియా పేరును 1996లో పునరుద్ధరించింది. ర్యాలీల్లో 1970ల నాటి స్కోడాలు మోసిన ఆర్ఎస్ గుర్తును 2000లో దానికి జోడించింది. 2004లో ఆక్టేవియా ఆర్ఎస్ భారతదేశానికి వచ్చింది. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 150 హార్స్‌పవర్ అప్పటి మన రోడ్లకు కొత్త. అదే పేరుతో 2017లో 230, 2020లో 245, 2025 అక్టోబరులో 265 హార్స్‌పవర్ రకాలు వచ్చాయి. చివరిదాన్ని 49.99 లక్షల రూపాయల ధరకు 100 కార్లకే పరిమితం చేశారు. పేరుతో పాటు శక్తిని కూడా మెట్టు మెట్టుగా పెంచుతూ రావడం ఈ కారు ప్రత్యేకత.

సఫారీ, సియెర్రా

టాటా మోటార్స్ 1991లో సియెర్రాను విడుదల చేసింది. టెల్కోలైన్ పికప్ ట్రక్కు మీద ఆధారపడిన ఈ వాహనానికి మూడు తలుపులు, 1,948 సీసీ డీజిల్ ఇంజను ఉండేవి. వెనుక పైకప్పు వరకు వంగిన పెద్ద అద్దం దాని గుర్తు. ఆ అద్దం తెరుచుకోదు. ఏసీ, పవర్ విండోలు, నాలుగు చక్రాలకు శక్తినిచ్చే రకం అందుబాటులో ఉండడం ఆనాటి భారతీయ వాహనానికి గొప్ప సంగతి. ఖరీదు ఎక్కువ, వెనుక తలుపులు లేవు కాబట్టి అమ్మకాలు పరిమితంగానే సాగాయి. 2000ల మొదట్లో ఉత్పత్తి ఆగింది.

1998లో సఫారీ వచ్చింది. ఎత్తు, బరువు, నాలుగు చక్రాల శక్తి దాని బలాలు. రాజకీయ నాయకుల కాన్వాయ్‌లలో అది విరివిగా కనిపించేది. 2019లో ఉత్పత్తి ఆగింది. 2020 ఆటో ఎక్స్‌పోలో హ్యారియర్ ఆధారంగా తయారైన మూడు వరుసల సీట్ల వాహనాన్ని టాటా గ్రావిటాస్ పేరుతో ప్రదర్శించింది. 2021 జనవరిలో ఆ పేరు పక్కన పెట్టి సఫారీ అని ప్రకటించింది. ఫిబ్రవరి 22న 14.69 లక్షల ప్రారంభ ధరతో విడుదల చేసింది. 2 లీటర్ల డీజిల్ ఇంజను 170 హార్స్‌పవర్ ఇస్తుంది. శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. సఫారీ అంటే కొండదారి బండి అనుకున్నవారికి ఇది లోటుగా తోచింది. కుటుంబ ప్రయాణాలకు వాడేవారు దాని సౌకర్యాన్ని మెచ్చుకున్నారు. పేరు ముందు నిర్ణయించి కారు తయారుచేయడం వేరు, తయారైన కారుకు పేరు వెతకడం వేరు. సఫారీ రెండో రకానికి చెందుతుంది.

సియెర్రా మొదటి రకానిది. 2020 ఆటో ఎక్స్‌పోలో విద్యుత్ వాహన నమూనాగా కనిపించినప్పుడే ఆ పేరు, ఆ వెనుక అద్దం ఆకారం రెండూ దానికి ఉన్నాయి. 2025 నవంబరు 25న 11.49 లక్షల ప్రారంభ ధరతో పెట్రోలు, డీజిల్ ఇంజన్లలో విడుదలైంది. పై రకంలోని 1.5 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను 160 హార్స్‌పవర్, 255 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. పాత అద్దం స్థానంలో నల్లని పలక అమర్చి ఆ రూపాన్ని నిలిపారు. వెనుక తలుపులు లేవన్న పాత ఫిర్యాదును అయిదు తలుపులతో తీర్చారు. గుర్తుగా నిలిచినదాన్ని ఉంచి, ఇబ్బంది పెట్టినదాన్ని మార్చిన ఈ పద్ధతి ప్రశంసనీయం.

మోటారు సైకిళ్లు

రాయల్ ఎన్‌ఫీల్డ్ 1960లలో అమెరికా మార్కెట్టుకు ఇంటర్‌సెప్టర్ పేరుతో రెండు సిలిండర్ల బళ్లు పంపేది. చెన్నై కేంద్రంగా ఉన్న ఇప్పటి కంపెనీ 2018లో ఆ పేరును 648 సీసీ, 47 హార్స్‌పవర్ బండికి పెట్టింది. కాంటినెంటల్ జీటీ పేరు 2013లోనే వచ్చింది.

మైసూరులోని ఐడియల్ జావా 1960ల నుంచి 1996 వరకు జావా, ఎజ్డీ బళ్లు తయారుచేసింది. మహీంద్రా గ్రూపునకు చెందిన క్లాసిక్ లెజెండ్స్ 2018 నవంబరులో జావాను, 2022 జనవరిలో ఎజ్డీని తిరిగి తెచ్చింది. ఎజ్డీ పేరు ఎవరిదన్న వివాదం కర్ణాటక హైకోర్టు వరకు వెళ్లింది. హీరో మోటోకార్ప్ 2003 నాటి 223 సీసీ కరిజ్మాను 2023 ఆగస్టులో ఎక్స్ఎంఆర్‌గా పునరుద్ధరించింది. ఇంజను 210 సీసీకి తగ్గినా, నీటితో చల్లబడే ఏర్పాటు వల్ల శక్తి 25.5 హార్స్‌పవర్‌కు పెరిగింది. బజాజ్ చేతక్ 2020లోను, కైనెటిక్ లూనా 2024లోను విద్యుత్ బళ్లుగా వచ్చాయి.

తెలుగు నేలపై

తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఉన్న నేలలో పేరు తిరిగి రావడం వింత కాదు.  గోదావరి జిల్లాల్లోని రాజమండ్రి, కోరుకొండ, గోకవరం దారుల్లో టాక్సీ అన్నా, పెళ్లి కారు అన్నా చాలాకాలం అంబాసిడరే. కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి పెద్దలను, పిల్లలను ఒకే బండిలో ఎక్కించుకు రావడానికి దాని వెడల్పాటి సీట్లు పనికొచ్చేవి. ఆ పేరు ఈ ప్రాంతంలో నిలిచింది వేగం వల్ల కాదు, బరువు మోసే ఓపిక వల్ల.

వేగం పేరుతో ఇక్కడ నిలిచినది యమహా ఆర్ఎక్స్ 100. 1985లో వచ్చిన 98 సీసీ టూ స్ట్రోక్ బండి ఇది. తేలిక శరీరం, సుమారు 11 హార్స్‌పవర్ వల్ల పికప్పుకు మారుపేరైంది. 1996లో ఆగింది. 2018 జులైలో అజయ్ భూపతి దర్శకత్వంలో అదే పేరుతో వచ్చిన తెలుగు సినిమా గోదావరి లంకల ఊరు ఆత్రేయపురం పరిసరాల్లో చిత్రీకరణ జరుపుకొంది. బండి ఆగిన ఇరవై రెండేళ్లకు పుట్టిన ఈ సినిమా, పేరుకు ఉన్న బలానికి ఈ ప్రాంతం ఇచ్చిన సాక్ష్యం.

తెలుగువారి సొంత వాహన నామం ఆల్విన్. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సుల బాడీలు, పుష్పక్ స్కూటర్లు తయారుచేసింది. 1980లలో నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారుచేసింది. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వెళ్లి నేటికీ నడుస్తోంది. మైసూరు జావా పేరును నిలబెట్టిన ఆ గ్రూపు చేతిలోనే ఆల్విన్ పేరు వాహనాల మీద నుంచి తొలగిపోయింది. హైదరాబాద్‌లోనే మరో పాత పేరు కూడా కనిపించింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసులో ఇటలీ కంపెనీ మసెరాటి పేరుతో కార్లు పాల్గొన్నాయి. ఒంటి సీటు రేసులకు ఆ పేరు 1957 తర్వాత తిరిగి వచ్చింది ఆ సీజనులోనే.

అంచనా

పాత పేరును ఏ గుణం నిలబెట్టిందో ఆ గుణం కొత్త కారులో ఉన్నచోట పునరుద్ధరణ మన్నన పొందింది. ఏ110లో తేలికదనం, ఛాలెంజర్‌లో వీ8 ఇంజను, ఆక్టేవియా ఆర్ఎస్‌లో టర్బో శక్తి, సియెర్రాలో రూపం అందుకు నిదర్శనాలు. జీటీవో, జెన్ ఎస్టిలోలలో పేరు ఒకటి, బండి మరొకటి అయ్యాయి. విద్యుత్ వాహనాల కాలంలో ఈ పరీక్ష మరింత కఠినమైంది. 2024లో విద్యుత్ కారుగా వచ్చిన డాడ్జ్ ఛార్జర్ డేటోనాకు శక్తి తక్కువేమీ కాకపోయినా ఆదరణ దొరకలేదు. కంపెనీ పెట్రోలు ఇంజను రకాన్ని కూడా తెచ్చింది.

భారతీయ కార్లలో అందరికీ తెలిసిన పేరు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. అంబాసిడర్ పేరును 2017 ఫిబ్రవరిలో ఫ్రాన్సుకు చెందిన ప్యూజో గ్రూపు 80 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ పేరుతో కొత్త కారు ఇంతవరకు మార్కెట్టులోకి రాలేదు.