కష్టకాలమున కూడిన వాఙ్మయనిధి

1929 అక్టోబరులో న్యూయార్కు నగరపు వాటాల విపణి కూలెను. దానివెంట బ్యాంకులు మూతపడెను, కర్మాగారములు ఆగెను, పంటకు ధర లేకపోయెను. 1933 నాటికి అమెరికా సంయుక్త రాష్ట్రములలో శ్రామికులలో సుమారు నాల్గవవంతు మందికి పని లేదు. రచయితలును, గాయకులును తక్కినవారితోపాటు వీధిన పడిరి.

రూజ్వెల్టు ప్రభుత్వము నిరుద్యోగులకు పని కల్పించుటకై 1935లో ఒక సంస్థను నెలకొల్పెను. రోడ్డు వేయువానికి కూలి యిచ్చినట్లే, వ్రాయువానికిని, వాద్యము వాయించువానికిని వేతన మిచ్చుట దాని విశేషము. హెన్రీ ఆల్స్‌బర్గు ఆధిపత్యమున రచయితల శాఖవారు నాటి 48 రాష్ట్రములకును మార్గదర్శక గ్రంథములను కూర్చిరి. సంగీత శాఖవారు వాద్యబృందములను పోషించి, పేదలకు సంగీతపాఠములు చెప్పించిరి.

అన్నిటికంటె శాశ్వతమైనది జానపద సేకరణము. అంతకుముందే, 1933లో, జాన్ లోమాక్సు తన కుమారుడు ఆలన్‌తో కూడి వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయము పక్షమున దక్షిణ రాష్ట్రములలో సంచరించెను. వారి కారులోని ధ్వనిముద్రణ యంత్రము బరువు సుమారు 315 పౌనులు. పొలములలో, కారాగారములలో పాడు పాటలను వారు ప్లేట్లపై ముద్రించిరి. లూసియానా కారాగారముననే ‘లెడ్ బెల్లీ’ అను గాయకుడు వారికి కనబడెను.

1936 మొదలు 1938 వరకు రచయితల శాఖవారు 17 రాష్ట్రములలో, పూర్వము బానిసలుగా నుండిన 2,300 మందికి పైగా కలిసికొని వారి జీవితగాథలను వ్రాసికొనిరి. 1865లోనే బానిసత్వము రద్దైనది గనుక వారందరును వృద్ధులు. ఇంకొక పదేండ్లు జాగు చేసినచో ఆ నోళ్లలో పెక్కు మూతపడి యుండెడివి. అయితే ప్రశ్నించినవారిలో పెక్కుమంది శ్వేతజాతీయులగుటచే, కొందరు వృద్ధులు మనసు విప్పి చెప్పలేదు. కొన్నిచోట్ల వారి పలుకుబడిని వ్రాతగాండ్రు మార్చిరి. ఈ లోపము నెరిగియే చరిత్రకారులు ఆ గాథలను చదువుచున్నారు. ఐనను అంతటి సాక్ష్యము అరుదు.

ఇది వృథావ్యయమనియు, కమ్యూనిస్టు ప్రచారమనియు కొందరు ప్రజాప్రతినిధు లాక్షేపించిరి. 1939లో కేంద్రము ఈ శాఖలను రాష్ట్రముల కప్పగించెను. 1943 నాటికి అవి ముగిసెను. అందు పనిచేసిన రిచర్డ్ రైటు, రాల్ఫ్ ఎలిసనులు పిదప ప్రసిద్ధ నవలాకారులైరి. ఆ గాథలును, ప్లేట్లును కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

కూటికి లేనప్పుడు పాట యెందుకని అడుగువారు ఎల్లకాలమును ఉందురు. ఆనాడు వ్రాసికొన్నవానికి కూడు దొరకెను. చెప్పినవాని మాట మనుమలకు దక్కెను. అచ్చుపడిన పుస్తకమును అరలో నుంచుట గ్రంథాలయమునకు సగము పని. అచ్చుకెక్కని పెద్దల మాటను, వారుండగానే వ్రాసి దాచుట మిగిలిన సగము.