కోనసీమలో జావా వెబ్ పోర్టల్ శిక్షణ: చరిత్ర

జావా భాషలో వెబ్ పోర్టల్ అప్లికేషన్లు రాయడం, రాసినదాన్ని సర్వర్ మీదికి ఎక్కించి నడిపించడం నేర్పే చదువే జావా పోర్టల్ శిక్షణ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పిల్లలకు ఇది ఒక్క చోట దొరకలేదు. భాష ఊరి దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో వచ్చింది, సర్వర్ పని హైదరాబాదు అమీర్‌పేటలో తెలిసింది, పోర్టల్ చాలావరకు ఉద్యోగంలో చేరాకే చేతికందింది. ప్రోగ్రాం రాయగలిగిన పిల్లలు దాన్ని పదిమంది వాడుకునేలా నిలబెట్టడం అనే ఒక్క మెట్టు కోసం రాత్రి బస్సెక్కి వెళ్ళాల్సి రావడమే కోనసీమ వరకు ఈ చరిత్రలో ముఖ్యమైన సంగతి.

సన్ మైక్రోసిస్టమ్స్ జావాను 1995లో ప్రకటించింది. 1997లో సర్వ్‌లెట్లు, 1999లో జేఎస్‌పీ, అదే ఏడాది చివర జే2ఈఈ వచ్చాయి. వెబ్ పేజీని సర్వర్ అప్పటికప్పుడు తయారుచేసి పంపే పని వీటితో జావాకు దక్కింది. పోర్టల్ దాని తరవాతి మెట్టు. ఒకే పేజీలో చాలా పెట్టెలుంటాయి, ఒక్కో పెట్టె వెనక ఒక్కో చిన్న అప్లికేషన్ నడుస్తుంది, వాడేవారు ఒక్కసారి లాగిన్ అయితే చాలు. మొదట్లో ఐబీఎం వెబ్‌స్పియర్ పోర్టల్, బీఈఏ వెబ్‌లాజిక్ పోర్టల్ వంటివి ఎవరి పద్ధతి వారివిగా ఉండేవి. ఒకదానికి రాసిన కోడ్ మరొకదానిలో నడిచేది కాదు. సన్, ఐబీఎం ముందుండి నడిపించిన జేఎస్‌ఆర్ 168 అనే ప్రమాణం 2003 అక్టోబరులో ఖరారై, పోర్ట్‌లెట్ అని పిలిచే ఆ చిన్న అప్లికేషన్‌కు అందరికీ వర్తించే ఒకే నియమావళిని ఇచ్చింది. 2008లో దాని రెండో రూపం జేఎస్‌ఆర్ 286 వచ్చింది.

శిక్షణలో కష్టమైన చోటు ఈ నియమావళిలోనే ఉంది. పోర్ట్‌లెట్ పూర్తి పేజీని ఇవ్వదు, తన పెట్టెలోకి వచ్చే ముక్కను మాత్రమే ఇస్తుంది. ఒక పెట్టెలో బటన్ నొక్కితే ఆ పోర్ట్‌లెట్‌కు యాక్షన్ దశ నడుస్తుంది, ఆ తరవాత పేజీలో ఉన్న పెట్టెలన్నిటికీ రెండర్ దశ నడుస్తుంది. సర్వ్‌లెట్లకు అలవాటుపడ్డ విద్యార్థి డేటాబేస్‌లో రాసే కోడ్‌ను రెండర్ దశలో పెట్టేస్తాడు. పక్క పెట్టెలో ఎవరు ఏం నొక్కినా అతని కోడ్ మళ్ళీ నడిచి, టేబుల్‌లో అదే వివరం రెండోసారి, మూడోసారి చేరుతుంది. పుస్తకం ఎన్నిసార్లు చదివినా అర్థంకాని ఈ తేడా, సర్వర్ నడుస్తుండగా ఒక్కసారి చూస్తే మరి మర్చిపోయేది కాదు.

తెలుగువారికి పోర్టల్ అనే భావన పరిచయమైంది ప్రభుత్వ సేవల ద్వారా. హైదరాబాదులో 1999 డిసెంబరులో ట్విన్స్ పేరుతో మొదలైన ప్రయోగం 2001 ఆగస్టులో ఈ-సేవగా మారింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ధ్రువపత్రాలు ఒకే కౌంటర్ దగ్గరికి వచ్చాయి. 2011 నవంబరులో మీ-సేవ మొదలయ్యాక పల్లెల్లోనూ ఆ మాట వాడుకలోకి వచ్చింది. అలాంటివి తామూ కట్టవచ్చన్న ఆలోచన ఇంజనీరింగ్ పిల్లల్లో బలపడిన కాలం ఇదే.

కోనసీమలో ఉన్నత విద్యకు పాత చిరునామా 1951లో అమలాపురంలో మొదలైన ఎస్‌కేబీఆర్ కాలేజీ. ఇంజనీరింగ్ చదువు 1997లో ఓడలరేవులో బీవీసీ ఇంజనీరింగ్ కాలేజీతో వచ్చింది. తరవాత అమలాపురం చుట్టుపక్కల మరికొన్ని కాలేజీలు వెలిశాయి. ఇవి మొదట హైదరాబాదు జేఎన్‌టీయూ కింద, 2008లో కాకినాడ జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయంగా ఏర్పడ్డాక దాని కింద నడిచాయి. కంప్యూటర్ సైన్సు సిలబస్‌లో జావా ఒక సబ్జెక్టు, వెబ్ టెక్నాలజీస్ మరొకటి. సర్వ్‌లెట్, జేఎస్‌పీ రెండోదానిలో ఉండేవి, పోర్ట్‌లెట్ ఊసు ఉండేది కాదు. ల్యాబ్ రికార్డులో ప్రోగ్రామూ దాని అవుట్‌పుటూ రాసి సంతకం చేయించుకుంటే మార్కులు పడేవి. లాగ్ ఫైల్ తెరిచి తప్పెక్కడుందో వెతకమని అడిగే ప్రశ్న పరీక్షలో రాదు. అధ్యాపకుల శ్రద్ధలో లోటు లేదు, పరీక్ష అడగనిదాన్ని చెప్పడానికి టైంటేబుల్‌లో చోటే లేదు.

ఆ చోటు అమీర్‌పేటలో ఉంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభం కావడం, అదే కాలంలో 2000 సంవత్సరపు తేదీల సమస్యను సరిదిద్దే వై2కే పనులకు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్పే సంస్థలు పుట్టుకురావడం కలిసి మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఒక శిక్షణ బజారును తయారుచేశాయి. 2000 దాటాక వై2కే పని అయిపోయింది, ఆ గదుల్లోకి జావా వచ్చింది. నరేష్ ఐ టెక్నాలజీస్, దుర్గా సాఫ్ట్ వంటి పేర్లు కోనసీమ హాస్టళ్ళలో కాలేజీ పేర్లంత మామూలుగా వినిపించేవి. కోనసీమకు రైలు లేదు. అమలాపురం, కొత్తపేట వాళ్ళు రావులపాలెం మీదుగా, రాజోలు వాళ్ళు చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా బస్సుల్లోనే వెళ్ళాలి. తెల్లవారేసరికి కూకట్‌పల్లిలోనో ఎస్సార్ నగర్‌లోనో దిగి, హాస్టల్లో సామాను పడేసి, ఏ ఫ్యాకల్టీ దగ్గర చేరాలో తేల్చుకోవడానికి డెమో క్లాసులకు వెళ్ళేవారు.

బ్యాచ్ వరస అందరికీ ఒకటే: కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, ఆ తరవాత స్ట్రట్స్, హైబర్నేట్, స్ప్రింగ్, చివర్లో ‘రియల్ టైమ్ ప్రాజెక్టు’. వందల మంది కూర్చునే క్లాసులో చెప్పింది చెప్పినట్టు నోట్సు రాసుకోవడం, జిరాక్స్ షాపులో మెటీరియల్ కొనుక్కోవడం, రాత్రికి రూమ్‌లో ముగ్గురు నలుగురు కలిసి ఒకే కంప్యూటర్ ముందు కూర్చోవడం. అసలు శిక్షణ ఈ మూడోదే. కోడ్‌ను వార్ ఫైల్‌గా కట్టి టామ్‌క్యాట్ అనే సర్వర్‌లోని వెబ్‌యాప్స్ ఫోల్డరులో పడేస్తే సర్వర్ దాన్ని విప్పుకుని నడిపిస్తుందని క్లాసులో చెబుతారు. రూమ్‌లో మాత్రం టామ్‌క్యాట్ అసలు లేవదు. కారణం చాలామందికి ఒకటే. డేటాబేస్ కోసం వేసుకున్న ఒరాకిల్ ఎక్స్‌ఈ అప్పటికే 8080 పోర్టును పట్టుకుని ఉంటుంది, టామ్‌క్యాటూ అదే పోర్టు అడుగుతుంది. సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో అంకె మారిస్తే సర్వర్ లేస్తుంది, ఈసారి పేజీ దొరకలేదనే 404 వస్తుంది. వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో యూఆర్‌ఎల్ మ్యాపింగ్ ముందు ఏటవాలు గీత (/) మర్చిపోయి ఉంటారు. తప్పులు చిన్నవే. వాటిని తనంతట తాను పట్టుకున్నవాడే ఇంటర్వ్యూలో నిలబడ్డాడు. డిప్లాయ్‌మెంట్ అంటే ఏమిటో ఒక తరానికి తెలిసింది ఆ రూముల్లోనే.

పోర్టల్ కోర్సుల దగ్గర పరిస్థితి వేరు. వెబ్‌స్పియర్ పోర్టల్ బరువైనది, లైసెన్సు ఖరీదైనది. సొంత కంప్యూటర్‌లో వేసుకుని సాధన చేయడం విద్యార్థి వల్ల కాదు. అందుకే కంపెనీలు జావా వచ్చినవారిని చేర్చుకుని పోర్టల్‌ను లోపలే నేర్పించేవి. 2000లో ఓపెన్ సోర్సుగా మొదలైన లైఫ్‌రే ఈ అడ్డు కొంత తీసింది. టామ్‌క్యాట్‌తో కలిపి ఒకే జిప్ ఫైల్‌గా ఉచితంగా దొరికేది. డిప్లాయ్ ఫోల్డరులో ఫైల్ వేస్తే నడుస్తున్న సర్వర్‌లోనే పోర్ట్‌లెట్ కనిపించేది. అపాచీ వారి ప్లూటో, జెట్‌స్పీడ్ కూడా ఉచితమే అయినా ఉద్యోగాల వైపు నుంచి చూస్తే లైఫ్‌రేకే గిరాకీ.

మరోవైపు రాష్ట్ర ప్రభుత్వం జవహర్ నాలెడ్జ్ సెంటర్ల ద్వారా కాలేజీల్లోనే ఉద్యోగ శిక్షణ ఇప్పించే ప్రయత్నం చేసింది. ఇంగ్లీషు, ఇంటర్వ్యూ నైపుణ్యాలకు అది అక్కరకొచ్చింది.

అమీర్‌పేట మోజులో ఒక నష్టమూ ఉంది. అనుభవం లేనివారికి ఉద్యోగాలు కరువైన 2001, 2008 మాంద్యాల తరవాత, చెయ్యని ప్రాజెక్టును చేసినట్టు రెజ్యూమెలో చూపే దొంగ ఎక్స్‌పీరియన్స్ వ్యాపారం పెరిగింది. కొబ్బరి మీదో వరి మీదో వచ్చే ఆదాయంతో కొడుకునో కూతురినో పంపిన ఇంటికి, కంపెనీ వెరిఫికేషన్‌లో ఆ ఉద్యోగం పోవడం మామూలు దెబ్బ కాదు.

తిరుగు ప్రయాణం నెమ్మదిగా మొదలైంది. 2016 డిసెంబరులో రాజోలు ప్రాంతంలోని మోరి గ్రామంలో ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్లు ప్రారంభమయ్యాయి. జీడిపప్పుకు పేరున్న ఆ ఊళ్ళో నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ వేగంతో ఇంటర్నెట్ ఇచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే అమీర్‌పేట క్లాసులు ఆన్‌లైన్‌కి మారాయి, హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లతో ఇళ్ళకు చేరారు. డాబా మీద కూర్చుని పనిచేస్తున్న అన్నయ్యనో అక్కనో చూస్తూ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చదువుకున్న ఆ రెండేళ్ళ ప్రభావం ఏ సర్టిఫికెట్‌కూ అందనిది. ఆ వసతి ఎంత సున్నితమో 2022 మేలో తెలిసింది. కోనసీమ జిల్లా పేరు మార్పుపై వచ్చిన వివాదంలో ఆ నెల 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఇంటి నుంచి పనిచేసేవారు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి ఒడ్డుకు పోవాల్సి వచ్చింది.

ఈలోగా చదవాల్సిందే మారింది. సన్ 2010లో ఒరాకిల్ చేతికి వెళ్ళింది. 2016లో లైఫ్‌రే 7 వార్ ఫైళ్ళ నుంచి ఓఎస్‌జీఐ మాడ్యూళ్ళకు మళ్ళింది. ఐబీఎం పోర్టల్ 2019లో హెచ్‌సీఎల్‌కు వెళ్ళింది. కొత్త బ్యాచ్‌లు ‘ఫుల్ స్టాక్ జావా’ పేరుతో స్ప్రింగ్ బూట్, రియాక్ట్ నేర్పుతున్నాయి. పోర్ట్‌లెట్ పని ఇప్పుడు ఎక్కువగా బ్యాంకులు, బీమా సంస్థల పాత పోర్టళ్ళ నిర్వహణలో ఉంది, ఆ పని తెలిసినవారు తక్కువ కాబట్టి విలువ తగ్గలేదు.

జావా ఈఈ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు చేరి జకార్తా ఈఈ అయ్యాక, కోడ్‌లో జావాఎక్స్ అని మొదలయ్యే ప్యాకేజీ పేర్లు జకార్తాగా మారాయి. పాత ల్యాబ్ మాన్యువల్ చూసి రాసిన సర్వ్‌లెట్ టామ్‌క్యాట్ 10లో మామూలుగా వేస్తే నడవదు. దాని వార్ ఫైల్‌ను వెబ్‌యాప్స్ బదులు వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డరులో వేయాలి, అప్పుడు టామ్‌క్యాటే దాన్ని కొత్త పేర్లలోకి మార్చుకుని నడుపుతుంది.