మందెంత? సీసపు గుండు, దాని పూత, అచ్చయిన అంకెలు

తుపాకుల చరిత్ర రాసినవాళ్లు యుద్ధాల గురించి, సేనానుల గురించి, ఆయుధ కర్మాగారాల గురించి చాలా రాశారు. గుండు వెనక మందు ఎంత పడాలన్న లెక్క మాత్రం వాళ్ల దృష్టికి పెద్దగా రాలేదు. ఆ లెక్క మొదట ఎవరి చేతిలో ఉండేది? ఎప్పుడు అచ్చులోకి వచ్చింది? అచ్చయిన అంకెల్లో దేన్ని నమ్మాలి? అమెరికాలో చట్టం అడ్డు చెప్పదు కాబట్టి చాలామంది పిస్టల్ షూటర్లు తమ తూటాలు తామే కట్టుకుంటారు. రాగి తొడుగు గుండు ఖరీదెక్కువ కావడంతో పాలిమర్ పూత వేసిన సీసపు గుండు వైపు మళ్లినవాళ్లు ఎందరో. వాళ్లందరినీ వేధించే ప్రశ్న ఒక్కటే: ఈ పూత గుండుకు సరిపడే, నమ్మదగిన పట్టిక ఏది? దాని మూలాలు వెతుక్కుంటూ వెళ్తే దారి గండికోట మీదుగా, కోరమండల్ తీరం మీదుగా సాగి, చివరికి మన మెట్టుగూడ, తార్నాకల దాకా వస్తుంది.

1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే గండికోటకు వచ్చాడు. కోట అప్పటికి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. ఫ్రాన్సులోని బూర్జ్ నగరం నుంచి వచ్చిన మాయ్ అనే గోలందాజు అక్కడ ఫిరంగులు పోతపోసే పనిలో ఉన్నాడు. మీర్ జుమ్లా అడిగినవి మొత్తం 20: పది 48 పౌన్ల గుండ్లు వేసేవి, మరో పది 24 పౌన్లవి. రాగి కోసం గుళ్లలోని విగ్రహాలు తెచ్చి కరిగించారు. అంత చేసినా పోత కుదరలేదని తవెర్నియే రాశాడు. ఈ కథలో నన్ను ఆపేది ఆ వైఫల్యం కాదు. ఆ పనికి సంబంధించిన అంకె ఒక్కటీ కాగితం మీద లేకపోవడం. పోత పాళ్లు, మందు కొలత అన్నీ ఆ మనిషి తలలోనే ఉన్నాయి. అతను వెళ్లిపోతే అవీ వెళ్లిపోయినట్టే. దాదాపు నూటనలభై ఏళ్ల తర్వాత హైదరాబాదులో నిజాం కొలువులో మొస్యే రేమండ్ ఫిరంగుల కార్ఖానా నడిపించినప్పుడూ పద్ధతి ఇదే. గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఆ కార్ఖానా వల్ల మిగిలింది. మూసారాంబాగ్ పేరు రేమండ్ వల్లే వచ్చిందంటారు.

అప్పటి మందుతో ఇంకో చిక్కు ఉంది. ఊరి చుట్టూ ఉన్న మట్టిని కడిగి, ఆ నీళ్లు కాచి సూరేకారం తీసేవారు. ఒక ఊరి సూరేకారం ఇంకో ఊరిదాన్ని పోలదు. వానాకాలంలో అది చెమ్మ పీల్చుకుంటుంది. అలాంటి మందుకు ఎవరైనా పట్టిక రాసిపెట్టినా అది పక్క జిల్లాలో పనికొచ్చేది కాదు. కాబట్టి గోలందాజు అనుభవాన్ని తక్కువ చేసి చూడటం తప్పు. ఆ రోజుల్లో అంతకంటే నమ్మకమైన కొలత లేదు.

ఆ అనుభవాన్ని అంకెల్లోకి దించిన మొదటి మనిషి బెంజమిన్ రాబిన్స్. ఇంగ్లండులో 1742లో ఫిరంగి శాస్త్రం మీద కొత్త సూత్రాలు చెబుతూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అందులో అతని పరికరం ఎంత సాదాదంటే, బరువైన లోలకానికి చెక్క బిగించి, గుండు తగిలినప్పుడు అది ఎంత ఊగిందో దానికి కట్టిన రిబ్బను జారిన పొడవును బట్టి కొలిచాడు. గుండు బరువు, లోలకం బరువు, ఊగిన దూరం తెలిస్తే వేగం వచ్చేస్తుంది. మస్కెట్ గుండు సెకనుకు 1,600 అడుగులు దాటి పోతోందని అలా తేలింది. అప్పటిదాకా ఎవరూ ఊహించని వేగం అది. అంతకంటే గొప్ప సంగతి అతను పట్టిక వేసిన తీరు. గొట్టం పొడవు ఇంత, మందు బరువు ఇంత, సిద్ధాంతం చెప్పిన వేగం ఇంత, లోలకం చూపినది ఇంత అని పక్కపక్కన పెట్టాడు. ఏ పరిస్థితిలో కొలిచాడో చెప్పకుండా ఒక్క అంకె కూడా రాయలేదు. 1745లో గణితవేత్త ఆయిలర్ ఆ పుస్తకాన్ని జర్మనులోకి అనువదించి, దాని మీద పెద్ద వ్యాఖ్యానమే రాశాడు.

రాబిన్స్ చివరి మజిలీ మన వైపే. ఈస్టిండియా కంపెనీ అతన్ని కోటల మరమ్మతుకు ఇంజనీర్ జనరల్‌గా పంపింది. 1750లో వచ్చాడు, 1751 జులైలో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో రాయచోటి ప్రాంతంలో నిజాం ముజఫర్ జంగ్ హతమై, ఫ్రెంచి సేనాని బుస్సీ తన దండుతో దక్కను రాజకీయాల్లోకి దిగాడు. తెలుగు నేల మీద ఫిరంగులు మోగుతున్న రోజుల్లోనే, వాటి వేగం లెక్క తేల్చిన మనిషి ఇదే తీరంలో కన్నుమూశాడు. మన చరిత్ర పుస్తకాల్లో అతనికి ఒక్క పేరా దక్కాలని నా కోరిక.

ఇక పూత సంగతి. సీసం మెత్తన, 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ గుండు అంచుల వెంట వేడి వాయువు దూసుకుపోయి సీసాన్ని చెక్కేస్తుంది. ఆ సీసం గొట్టం లోపల పేరుకుని గురి చెడుతుంది. అందుకే సీసపు గుండుకు ఏదో ఒక జిడ్డు కావాలి. ఈ చిన్న అవసరమే 1857లో దేశాన్ని కుదిపేసింది. కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటా కాగితానికి రాసిన కొవ్వు ఆవుదా, పందిదా అన్న అనుమానం ఆ జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో మొదలైంది. జిడ్డు లేని తూటాలు ఇస్తాం, మీకు ఇష్టమైనది మీరే పూసుకోండి అని సర్కారు ఆ నెలలోనే చెప్పినా నమ్మకం తిరిగి రాలేదు. జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ హైదరాబాదులోని కోఠీ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించేనాటికి ఆ తిరుగుబాటు కారణాలు తూటాను దాటి చాలా దూరం పోయాయి. అయినా ఒక మాట గుర్తుంచుకోవాలి. గుండుకు ఏం పూశారో తయారుచేసినవాడు చెప్పలేదు, వాడేవాడికి తెలియలేదు. తూటా విషయంలో అలాంటి దాపరికం ఎప్పుడూ ప్రమాదమే.

అసలు మలుపు 1884లో వచ్చింది. ఆ ఏడాది ఫ్రాన్సులో పాల్ వియెయ్ పొగలేని మందు తయారుచేశాడు. పాత నల్ల తుపాకీమందును తూటా కేసు నిండా పోసినా, దానికోసమే చేసిన తుపాకీకి పెద్దగా ముప్పు ఉండేది కాదు. కేసే కొలపాత్ర. కొత్త మందు అలా కాదు. చిటికెడుతోనే అంత శక్తీ ఇస్తుంది. అమెరికాలో 1898లో బుల్స్‌ఐ అనే పిస్టల్ మందు వచ్చింది. ఆ ఏడాదే వచ్చిన .38 స్పెషల్ కేసు నల్ల తుపాకీమందు కొలతకు చేసింది కాబట్టి బుల్స్‌ఐ దాని అడుగున ఎక్కడో కనిపిస్తుంది. పొరపాటున రెండుసార్లు పడినా పైకి తెలియదు. తుపాకీ పేలిపోయాకే తెలుస్తుంది. గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు. ఆ గ్రెయినులో పదో వంతు దాకా తూచాల్సిన అవసరం అప్పుడే పుట్టింది. తప్పితే ప్రాణం మీదికొచ్చే అంకె కాబట్టి అది అచ్చులో ఉండక తప్పలేదు.

మొదట్లో అచ్చువేసినవాళ్లలో ఒకడు జాన్ బార్లో. 1884లో కనెక్టికట్‌లో ఐడియల్ కంపెనీ పెట్టి గుండ్ల అచ్చులు, తూటాలు కట్టే సాధనాలు అమ్మాడు. వాటితోపాటు చిన్న చేతిపుస్తకాలు వేశాడు. 1925లో ఆ వ్యాపారం లైమన్ కంపెనీ చేతికి వచ్చింది. 1937లో ఫిలిప్ షార్ప్ ఈ విద్య మీద బృహద్గ్రంథం తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రూస్ హాడ్జ్‌డన్ సైన్యం వదిలించుకున్న మందును కొని అమ్మడం మొదలుపెట్టాడు. కొత్త మందు చేతికొస్తే కొత్త అంకెలు కావాలి. దాంతో పట్టికలు పెరిగిపోయాయి.

వీటన్నిటిలో లైమన్ పోత గుండ్ల పుస్తకం మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. ఏ అచ్చు నంబరు, గుండును ఎంత వ్యాసానికి సరిచేశారు, సీసంలో ఏం కలిపారు, ఏ గొట్టంలో పరీక్షించారు అన్నీ చెబుతుంది. లైమన్ 2వ నంబరు మిశ్రమం అంటే 90 పాళ్లు సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ. ఈ వివరం లేని పట్టికలో గుండు మెత్తనో గట్టో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

పీడనం కొలిచే పద్ధతి మారడం ఇంకో పెద్ద సంగతి. 1860ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది: గొట్టానికి రంధ్రం చేసి పిస్టన్ పెడతారు, దాని మీద చిన్న రాగి స్తంభం ఉంచుతారు. కాల్చాక రాగి ఎంత నలిగిందో కొలిచి పీడనం చెబుతారు. రాగి నలగడానికి కొంత వ్యవధి కావాలి, కాబట్టి క్షణంలో లేచి పడే పీడనాన్ని అది సరిగా పట్టుకోలేదు. తర్వాత వచ్చిన పియెజో స్ఫటికం పీడనం ఏ క్షణాన ఎంత ఉందో గీత గీసి చూపిస్తుంది. రాగి చెప్పిన అంకె, స్ఫటికం చెప్పిన అంకె ఒకటి కావు. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే నమ్మదగిన సూత్రమూ లేదు. యూరపులో 1914 నుంచి సి.ఐ.పి., అమెరికాలో 1926 నుంచి సామీ అనే సంస్థలు ప్రమాణాలు పెడుతూ వచ్చాయి. కొత్త ముద్రణల్లో కొలతలు తగ్గితే, లాయర్లకు భయపడి తగ్గించారని పాత షూటర్లు గొణుగుతారు. ఆ మాట సగమైనా నిజం కాదు. అంతకుముందు కనపడని పీడనం ఇప్పుడు కనపడుతోంది. పాత పుస్తకం ఇంట్లో ఉంటే దాచుకోండి. తూటా కట్టేటప్పుడు మాత్రం కొత్తదే తెరవాలి.

గ్రీజు స్థానంలో గట్టి పూత రావడం 20వ శతాబ్దం చివరి మాట. 1970లలో స్మిత్ అండ్ వెసన్ నైలాన్ పూతతో నైక్లాడ్ తూటా తెచ్చింది. తర్వాత ఫెడరల్ దాన్ని తీసుకుంది. నాలుగు గోడల మధ్య ఉండే రేంజిలో గాల్లోకి లేచే సీసాన్ని తగ్గించడం దాని ఉద్దేశం. ఆ తర్వాత ఆస్ట్రేలియా నుంచి హైటెక్ పూత వచ్చింది. దానితోపాటు మన కిటికీ గ్రిల్లులకు వేసే పౌడర్ కోటింగ్ లాంటివి కూడా గుండ్లకు వేసి ఓవెన్‌లో కాల్చడం మొదలైంది. పొగ తగ్గింది, చేతికి సీసం అంటడం తగ్గింది. కానీ పట్టికల్లో ఎప్పటినుంచో ఉన్నవి రెండే గడులు, సీసపు గుండు, తొడుగు గుండు. ఈ మూడోదానికి గడి ఎక్కడ?

నిపుణులు చాలాకాలంగా చెప్పే జవాబు, అదే బరువు, అదే ఆకారం ఉన్న సీసపు గుండు అంకెలు చూసి, అందులో కనిష్ఠ కొలత దగ్గర మొదలుపెట్టాలని. మాట మంచిదే, చాలదు. జిడ్డు నింపే గాడి అక్కర్లేదు కాబట్టి పూత గుండు ఆకారం తరచూ వేరుగా ఉంటుంది. పొడవు మారితే కేసులోకి దిగే లోతు మారుతుంది. 9 మిల్లీమీటర్ల పిస్టల్ లాంటి చిన్న కేసులో ఒక్క మిల్లీమీటరు లోతు పెరిగినా మందుకు మిగిలే చోటు తగ్గి పీడనం ఎగబాకుతుంది. పూత మందం వల్ల వ్యాసమూ కాస్త పెరుగుతుంది. అందువల్ల తూటా మొత్తం పొడవు చెప్పని పట్టికను, గొట్టం పేరు చెప్పని పట్టికను పూత గుండుకు వాడటం గుడ్డిగా అడుగెయ్యడమే. రెండు మంచి పుస్తకాల అంకెలు కలవకపోయినా కంగారుపడాల్సింది లేదు. గొట్టం వేరు, ప్రైమర్ వేరు, మందు లాటు వేరు. రెండూ నిజమే కావచ్చు.

మంచి పట్టిక ఎలా ఉండాలో చూడాలంటే తార్నాక దాటి పోనక్కర్లేదు. మెట్టుగూడ నుంచి ఉస్మానియా క్యాంపస్ వైపు వస్తే ఆ చుట్టుపక్కలే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో నీలగిరి కొండల్లోని కూనూరు నుంచి ఇక్కడికి తరలివచ్చింది. బ్రిటిషువాళ్లు 1903లో కార్డైట్ మందు కర్మాగారం పెట్టిన అరువంకాడు ఆ కూనూరు పక్కనే. పొగలేని మందు, ఆహార పట్టిక రెండూ ఆ కొండల్లోనే కుదురుకున్నాయన్న మాట. షార్ప్ గ్రంథం వచ్చిన 1937లోనే ఐక్రాయిడ్ కూనూరులో భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక తెచ్చాడు. 1971లో గోపాలన్ బృందం దాన్ని తిరగరాసింది. 2017లో తార్నాక నుంచి కొత్త పట్టికలు వచ్చాయి, 528 ఆహారాలు, 151 అంశాలు. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడగొట్టి నమూనాలు తెచ్చారు. ఏ పద్ధతిలో కొలిచారో రాశారు, నమూనాల మధ్య తేడా ఎంతో కూడా అంకె పక్కనే వేశారు. తూటా పట్టికలు అచ్చువేసేవాళ్లలో చాలామంది ఇంతదాకా రాలేదు. ఒకే అంకె ఇచ్చి ఊరుకుంటారు, ఎన్నిసార్లు కాల్చారో, ఎంత తేడా వచ్చిందో చెప్పరు. ఆ దగ్గర్లోనే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) ఉంది. 1944లో నిజాం రాజ్యం పరిశోధనశాలగా మొదలైన ఆ సంస్థలో పాలిమర్ పూతలకు ఒక విభాగమే ఉంది. సీసం ఒంట్లో చేరితే ఏం చేస్తుందో, పూత లోహాన్ని ఎలా పట్టుకుంటుందో తెలిసినవాళ్లు కూతవేటు దూరంలో కూర్చుని పనిచేసే చోట్లు లోకంలో ఎన్ని ఉంటాయి?

హైదరాబాద్ షూటర్ల సంగతి అమెరికా షూటర్లకు భిన్నం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అలా ఉండటమే సరి అని నా అభిప్రాయం. ఇక్కడ ఇంట్లో తూటా కట్టడం లేదు, కొన్న తూటాను ఎంచుకోవడం ఉంది. అంతర్జాతీయ 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో తొడుగు గుండుకు అనుమతి లేదు, సీసమో అలాంటి మెత్తని లోహమో ఉండాలి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో జట్టుతో స్వర్ణం, విడిగా రజతం గెలిచింది .22 సీసపు గుండుతోనే. మైనం లాంటి పలుచని జిడ్డు పూసిన గుండు అది. ఎలీ లాంటి కంపెనీలు పెట్టె మీద లాటు నంబరుతోపాటు ఆ లాటు వేగం కూడా ముద్రిస్తాయి. రైఫిల్ షూటర్లు ఆ అంకెను చూసి ఆగిపోరు. తమ గొట్టాన్ని పట్టులో బిగించి ఒక్కో లాటు నుంచి కొన్ని కాల్చి, కాగితం మీద రంధ్రాలు ఏ లాటులో దగ్గరదగ్గరగా పడ్డాయో కొలుస్తారు. నచ్చిన లాటు దొరికితే ఏడాదికి సరిపడా ఒకేసారి కొనేస్తారు, ఎందుకంటే ఆ నంబరు మళ్లీ తయారు కాదు.