ఓరుగల్లులో పూటకూడు

పట్టణమునకు పోయినవాడు వెలయిచ్చి అన్నము తినుట హోటళ్లతో వచ్చిన క్రొత్త వాడుక యని మన పల్లెలలో పెద్దలు పలువురు తలంతురు. ఆ తలంపు సరికాదు. మన తిరుమలగిరికి ఉత్తరమున నున్న ఓరుగల్లే అందులకు సాక్ష్యము.

కాకతి ప్రతాపరుద్రుడు 1289 మొదలు 1323 వఱకు ఆ నగరము నేలెను. ఆ నగర వీథులను కన్నులకు గట్టించు కావ్యము క్రీడాభిరామము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు ఇది తెనుగుసేత. కర్త వినుకొండ వల్లభరాయడని కొందఱు, శ్రీనాథుడని కొందఱు. ఆ తగవు పండితులకు విడుతము. అందు మంచనశర్మ యను బ్రాహ్మణుడును టిట్టిభసెట్టియు నగరమెల్ల తిరిగి చూతురు. లక్ష్మణవజ్ఝల యింట రూకకు దొరకు భోజనము అచ్చట వర్ణితము. పూటకు ఇంతయని సొమ్ము పుచ్చుకొని పెట్టునది గనుక పూటకూడు. వజ్ఝల యనునది ఒజ్జ యను మాటకు చుట్టమని పెద్దలందురు. అన్నము నమ్మిన యిల్లు ఒజ్జల యిల్లగుట బడిపంతులనైన నాకు వింతగా తోచినది.

రూక యనగా నేటి రూపాయి కాదు, ఆనాటి చిన్న నాణెము. దానికి విస్తరిలో వచ్చున దేమి? కప్పురభోగి యను మేలి బియ్యపు అన్నము, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. ఆ నంజులలో మిరపకాయ మాత్రము ఉండదు. అది అమెరికా ఖండపు పంట. 1498 తరువాత పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. అంతవఱకు కారమనగా మిరియమే.

ఇంత సన్నబియ్యము ఎచ్చటిది? పాకాల, రామప్ప వంటి కాకతీయుల చెరువులను తలంచిన ఆ ప్రశ్నకు జవాబు దొరకును. పాలమూరు సీమవాడైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రము వ్రాసినపుడు శాసనములతో తృప్తిపడక ఇట్టి కావ్యములను గాలించుట ఇందులకే. రాజు దానమిచ్చిన భూమి ఱాతిపై నుండును గాని, బాటసారి తిన్న పప్పు ఉండదు.

అయినను ఈ విస్తరి రూక గలవానిది. మెట్టసీమనుండి బండి తోలుకొని అంగడికి వచ్చిన కాపు ఏమి తినెనో కవి చెప్పలేదు. అతడు ఇంటినుండి జొన్నరొట్టె సద్దిమూట గట్టుకొని వచ్చి, చెరువుగట్టున విప్పి యుండును.