పరీక్ష పెట్టకుండానే ఫెయిల్ చేసిన ఊరు: హైదరాబాద్ ఎఫ్‌సీ (2019–2025)

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక్కడ బోర్డు తిప్పేసింది. ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఆ తర్వాత వచ్చిన విశ్లేషణలన్నీ ఒకే తీర్పు చెప్పాయి: ఇది క్రికెట్ ఊరు, ఫుట్‌బాల్‌కు గిరాకీ లేదు, మొదట్నుంచీ అనుమానమే. ఇలా రాసినవాళ్ళలో ఎంతమంది గచ్చిబౌలి స్టేడియం గ్యాలరీలో ఒక్క మ్యాచైనా కూర్చుని చూశారో నాకు అనుమానమే. ఈ మార్కెట్టును సరిగా పరీక్షించిందే లేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఆ తీర్పుకు సిద్ధాంతబలం సైమన్ కూపర్, స్టెఫాన్ షిమాన్‌స్కీల 'సాకర్‌నామిక్స్' పుస్తకం నుంచి వస్తోంది. 1923లో ఇంగ్లండ్ లీగ్‌లో ఉన్న 88 క్లబ్బుల్లో 85 క్లబ్బులు 2007–08 నాటికీ బతికే ఉన్నాయని వాళ్ళు లెక్కతీశారు. వ్యాపారంగా నష్టమే అయినా ఆయుష్షు గట్టిదన్నమాట. మనవాళ్ళు దీన్ని తిరగేసి చదివారు: జనాదరణ ఉన్న క్లబ్బు చావదు, ఇది చచ్చింది, కాబట్టి జనాదరణ లేదు. లెక్క మీద నాకు పేచీ లేదు, దాన్ని దిగుమతి చేసుకున్న తీరు మీదే పేచీ. దివాలా తీసిన ఇంగ్లిష్ క్లబ్బు కింది డివిజన్‌కు జారుతుంది, ఖరీదైన ఆటగాళ్ళను అమ్ముకుంటుంది, అదే ఊళ్ళో అదే జనం ముందు చిన్న జీతాలతో ఆడుతూ కాలక్షేపం చేస్తుంది. 2014లో ఎనిమిది జట్లతో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్‌లో దిగడానికి మెట్టే లేదు. 2023 నుంచి కింది అంచెలోని ఐ-లీగ్ విజేతకు పైకి రావడానికి దారి తెరిచారు గానీ, కిందికి దారి ఈ ఆరేళ్ళలో తెరవలేదు. లైసెన్సు ఉంటే మిద్దె మీద, లేకపోతే వీధిలో. అలాంటి చోట క్లబ్బు చావును ఊరి మనసుకు కొలతగా వాడడం శాస్త్రం కాదు.

ఇక పరీక్ష సంగతి. పుణె సిటీ క్లబ్బు మూతపడ్డాక ఆ జట్టులో చాలామందిని తీసుకుని 2019లో హైదరాబాద్ దిగింది. తొలి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5–0తో చిత్తయింది, సీజన్ చివరికి అట్టడుగున తేలింది. ఊరికి పరిచయమైంది ఓడిపోయే జట్టు. తర్వాత కోవిడ్. 2020–21, 2021–22 సీజన్లు మొత్తం గోవాలోనే, లీగ్ మ్యాచులన్నీ ఖాళీ స్టేడియాల్లోనే జరిగాయి. కోచ్ మనోలో మార్కెజ్ జట్టును తీర్చిదిద్దింది, ఫార్వర్డ్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టింది ఆ కాలంలోనే. అంటే జట్టు ఎదుగుతున్నప్పుడు ఊరు దాన్ని టీవీలోనే చూసింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ జట్టుతో జరిగిన ఫైనల్‌కు ప్రేక్షకులను రానిచ్చారు. పసుపు చొక్కాలు వేసుకుంది హైదరాబాద్ ఆటగాళ్ళు, గ్యాలరీలో పసుపు మాత్రం కేరళ వాళ్ళది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు వచ్చింది. సొంత ఊరికి ఆ విజయంలో దక్కింది వార్త మాత్రమే. మరుసటి ఏడాది గచ్చిబౌలికి తిరిగొచ్చి రెండో స్థానంలో నిలిచింది. ఊరు, మంచి జట్టు కలిసి గడిపింది ఆ ఒక్క సీజనే. 2023–24 నాటికి జీతాల బకాయిలు, ఫిఫా నిషేధాలు, ఆటగాళ్ళ వలస. 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు. ఒక్క సీజన్ చూసి మార్కెట్టును కొట్టిపారేసే పద్ధతి ఏ సర్వే పాఠ్యగ్రంథంలో ఉందో నాకు తెలీదు.

పైగా గచ్చిబౌలి స్టేడియం అథ్లెటిక్స్‌కు కట్టింది. గ్యాలరీకీ గడ్డికీ మధ్య పరుగుపందేల ట్రాక్ అడ్డం. ముందు వరసలో కూర్చున్నా కార్నర్ జెండా దగ్గర ఏం జరిగిందో పక్కవాణ్ని అడగాల్సిందే. అయినా డెక్కన్ లీజియన్ అభిమాన బృందం కుర్రాళ్ళు డప్పు కొడుతూనే ఉండేవాళ్ళు. ఊరికి ఆ చివర బొల్లారం వైపు, పాతతరం ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం పుట్టి పెరిగిన అమ్ముగూడ పరిసరాల్లో, సున్నం గీతలు సగం చెరిగిపోయిన ఒక గ్రౌండ్‌లో పిల్లలకు ఆట నేర్పే పెద్దమనిషిని ఆ జట్టు గురించి అడిగాను. పిల్లల వీపుల మీద మెస్సీ, రొనాల్డో పేర్లున్నాయి. "ఫైనల్ గెలిచిన్నాడు టీవీల సూసినం సార్. మా పోరగాండ్లల్ల ఒక్కడన్న అండ్ల ఉంటె గదా, గచ్చిబౌలి దాంక పోనీకి" అన్నాడాయన. నా దృష్టిలో అన్ని ప్రేక్షక సర్వేలకన్నా ఈ మాట విలువైనది. ఫైనల్ తొలి పదకొండుమందిని చూడండి: కట్టిమణిది గోవా, చింగ్లెన్‌సనాది మణిపూర్, ఆశిష్ రాయ్‌ది సిక్కిం, ఆకాశ్ మిశ్రాది ఉత్తరప్రదేశ్. హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ లేడు. కోచ్ రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచినప్పుడు ఇలా లేదు. ఆ ఆటగాళ్ళు మన బస్తీల వాళ్ళే. తర్వాత బలరాం, హబీబ్, నయీముద్దీన్ లాంటివాళ్ళను కోల్‌కతా క్లబ్బులు పట్టుకుపోయాయి. ఆడేవాళ్ళు పోతే చూసేవాళ్ళు ఎలా మిగులుతారు?

బెంగళూరుతో పోల్చి చూద్దాం. అదీ ఐటీ ఊరే, అక్కడా క్రికెట్టే దేవుడు. 2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీ తొలి ప్రయత్నంలోనే ఐ-లీగ్ గెలిచింది, సూపర్ లీగ్‌లోకి వచ్చిన రెండో సీజన్‌కే ఛాంపియన్ అయింది, ఇప్పటికీ కంఠీరవ స్టేడియంలోనే ఆడుతోంది. తేడా ఊళ్ళలో లేదు, యాజమాన్యం నిలకడలో ఉంది. విశాఖ పేరుతో ఐ-లీగ్ బిడ్ వేసి హైదరాబాద్ శివార్లలో ఆడిన శ్రీనిధి డెక్కన్ రెండుసార్లు రన్నరప్ అయినా ఊళ్ళో పెద్ద సందడి రేపలేదు నిజమే, కాని రెండో అంచె లీగ్‌తో మార్కెట్టును తూచలేం.

ఆ మాటకొస్తే అనుమానపు మార్కెట్టన్నదే లేదు, అనుమానపు యజమానులే ఉన్నారు. జీతాలు వేళకిచ్చి, స్థానిక కుర్రాళ్ళను ఇద్దరు ముగ్గుర్ని దింపి, పదేళ్ళు కదలకుండా కూర్చుంటే విజయవాడలోనూ, వరంగల్‌లోనూ ఫ్రాంచైజీ నిలబడుతుంది. నమ్మనివాళ్ళు ఢిల్లీ వైపు చూడాలి. 2019లో ఢిల్లీ డైనమోస్ ఆ నగరాన్ని వదిలి భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అప్పుడు పనికిరాని మార్కెట్టు ఢిల్లీ. ఆరేళ్ళకు హైదరాబాద్ లైసెన్సు వెళ్ళి వాలిందీ ఆ ఢిల్లీలోనే. ఈ మధ్యలో ఢిల్లీ జనం ఫుట్‌బాల్ పిచ్చోళ్ళయ్యారని ఏ విశ్లేషకుడూ రాయలేదు.